అత్తకు అతకని విశేషణం

మా మేనత్త మాట్లాడకుండా కూర్చుందంటే ఆమె నోటి నిండా మేకులున్నాయని అర్థం. సోఫాలు, కుర్చీలు, బస్సు సీట్లు కుట్టే షాపు ఆమెది. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చి, ఎడమచేత్తో అందుకుని, కుడిచేత్తో సుత్తిదెబ్బ వేసేది. గుడ్డ బిగుతుగా లాగడం, మేకు, దెబ్బ. మళ్ళీ లాగడం, మేకు, దెబ్బ. మేకులు అయిపోయాక మాత్రం ఆమె మాటలకు ఆనకట్ట వేయడం ఎవరి తరమూ అయ్యేది కాదు. "మా వదిన నోట్లో నువ్వుగింజ నానదు గానీ మేకు నానుతుంది" అని మా అమ్మ నవ్వేది.

షాపు వీధి మలుపులో ఉండేది. వెడల్పు తక్కువ, పొడవెక్కువ; లోపలికి వెళ్తే రైలుపెట్టెలో నడుస్తున్నట్టుండేది. ఒక గోడ వారగా రెక్సిన్ చుట్టలు నిలబెట్టి ఉండేవి. ఇంకో గోడకు ఫోము పలకలు కప్పు దాకా పేర్చి ఉండేవి. మధ్యలో రెండు బల్లలు, వాటి మీద వంకర సూదులు, సుద్దముక్కలు, చిన్నప్పుడు నాకు నా అంత పొడవనిపించిన కత్తెర. జిగురు వాసన గుమ్మం బయటికే ఎదురొచ్చి పలకరించేది.

పాత సోఫా ఏదైనా వచ్చిందంటే అత్త కళ్ళు మెరిసేవి. దాన్ని తలకిందులు చేసి, పొట్ట కోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికేది. దువ్వెనలు, తాళంచెవులు, ఒంటి కమ్మలు, పిల్లల గోళీలు బయటపడేవి. ఒకసారి ఏకంగా కట్టుడు పళ్ళ సెట్టు దొరికింది. దాని యజమాని అది పోయినప్పటి నుంచి వియ్యంకుడి మీద అనుమానంగా ఉన్నాడట. అత్త శుభ్రంగా కడిగి ఇస్తే, అక్కడే పెట్టుకుని మరీ నవ్వాడు.

అత్త తరువాత పుట్టినవాడు మా నాన్న, ఆయన తరువాత చిన్నత్త. నాన్న కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. చిన్నత్త ఆసుపత్రిలో నర్సు. సూది నొప్పి తెలియకుండా వేస్తుంది గానీ, మాట మాత్రం గుచ్చి మరీ చెబుతుంది. అత్త పెళ్ళి చేసుకోలేదు. షాపు మీది గదిలో ఒక్కతే ఉండేది, రాత్రి భోజనానికి మాత్రం మా ఇంటికి వచ్చేది.

మా ఇంట్లో అందరికీ కంఠస్థమైన కథ ఒకటుండేది. కొత్తవాళ్ళెవరు భోజనానికి వచ్చినా నాన్న దాన్ని చెప్పాల్సిందే. అత్త డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా తాతయ్య స్టూలు మీంచి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. సుత్తి ఎత్తితే జారిపోయేది. షాపు మూతపడే పరిస్థితి. అప్పుడు అత్త కాలేజీ మానేసి సుత్తి పట్టింది. తమ్ముణ్ణి, చెల్లెల్ని చదివించింది.

ఇక్కడిదాకా మామూలుగా చెప్పేవాడు. తరువాత ఒక క్షణం ఆగేవాడు. ఎక్కడ ఆగుతాడో మాకు తెలుసు కాబట్టి ఆ సందులో అమ్మ పెరుగు వడ్డించేసేది.

"ఆ వేళ గుమ్మం చాటు నుంచి నేను చూశానండీ. నాకప్పుడు పదేళ్ళు. మా అక్క షాపులో నేల మీద కూర్చుని, ఒళ్ళో కాలేజీ పుస్తకాలు పెట్టుకుని, కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది."

అంతటితో కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. వచ్చినవాళ్ళు అత్త వైపు భక్తిగా చూసేవాళ్ళు. అత్త తల వంచుకుని కంచంలోకి చూస్తుండేది. ఎంత అణకువో అనుకునేవాళ్ళం. ఆ కథ పుణ్యమా అని మా ఇంట్లో కిటికీ పక్క కుర్చీ ఆమెదే. తిన్న కంచం తీయబోతే, "మీరు కూర్చోండి వదినా, మీరు చేసింది చాలదా?" అని అమ్మ లాక్కునేది.

అత్త షాపు చేతిలోకి తీసుకుని నలభై ఏళ్ళు నిండుతున్నాయని నాన్నకు గుర్తొచ్చింది. షాపులోనే చిన్న సభ చేద్దామన్నాడు. ఒక ఇత్తడి ఫలకం మీద రెండు మాటలు చెక్కించి ఇవ్వాలని ఆయన కోరిక. నేనప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. అక్షరాలు చెక్కే ఆయన దగ్గరికి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు.

ఇంగ్లీషులో రాయాలని నాన్న పట్టుదల. ఎందుకంటే తనకు ఆ భాష వచ్చింది అక్క వల్లేనట. వారం రోజులు ఆలోచించి విశేషణం ఎంచుకున్నాడు. 'అవర్ సెల్ఫ్-శాక్రిఫైసింగ్ సిస్టర్' అని కాగితం మీద గుండ్రంగా రాసిచ్చాడు. తనను తాను త్యాగం చేసుకున్న మా అక్క అని అర్థం.

చెక్కే ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"మధ్యలో మాట గూడ్సుబండి లాగుంది సార్. నడుమ ఈ గీత కూడా కావాలా?"

"కావాలి."

"పలక చిన్నది సార్. పట్టదేమో."

"అక్షరాలు చిన్నవి చెయ్యండి. మాట మాత్రం మార్చకండి" అన్నాడు నాన్న, పరీక్ష పేపర్లు దిద్దే గొంతుతో.

ఆదివారం మధ్యాహ్నం సభ. బయటి నుంచి కుర్చీలు తెప్పించే అవసరమే లేకపోయింది. రిపేరుకు వచ్చినవన్నీ అటూ ఇటూ జరిపి జనాన్ని కూర్చోబెట్టాం. వీధిలో షాపులవాళ్ళంతా వచ్చారు. గీజర్లు బాగుచేసే మెకానిక్కు ఒక సోఫాలో కూర్చోగానే నడుం దాకా మునిగిపోయాడు. "అందులో స్ప్రింగులు లేవయ్యా, పొద్దున్నే తీసేశాను" అంది అత్త. ఇద్దరు చేతులు పట్టి లాగితే గానీ ఆయన పైకి రాలేదు. సభ మొదలవకముందే సగం నవ్వులు అయిపోయాయి.

చెక్కే ఆయన ఆఖరి నిమిషంలో, పెళ్ళికొడుకులా తల దువ్వుకుని, కాగితం చుట్టిన ఫలకాన్ని తనే స్వయంగా పట్టుకొచ్చాడు. నాన్న తన కథంతా చెప్పి, ఆగాల్సిన చోట ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, కాగితం విప్పాడు. అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని గట్టిగా చదవబోయాడు.

"అవర్..."

ఆ మాట దగ్గరే ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయింది. నేను పక్కకు వంగి చూశాను. ఫలకం మీద పెద్ద పెద్ద అక్షరాలు ధగధగా మెరుస్తున్నాయి: 'అవర్ శాక్రిఫిషియల్ సిస్టర్.'

నాన్న గొంతు సవరించుకుని, "అవర్ సెల్ఫ్-శాక్రిఫైసింగ్ సిస్టర్" అని గబగబా చదివి ఫలకాన్ని గుండెకు బోర్లించుకున్నాడు. కానీ రెండేళ్ళు కాలేజీలో కూర్చున్న అత్తకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు.

"ఏదీ, ఇలా తిప్పు. నువ్వు చదివిన మాట పొడుగ్గా ఉంది, ఇక్కడున్నది పొట్టిగా ఉందేంట్రా?"

చెక్కే ఆయన ముందుకొచ్చాడు. "పట్టలేదమ్మా. మార్చొద్దన్నారు గానీ, ఫోన్లో వెతికి చూశాను. దీనికీ త్యాగమనే ఉంది. అర్థం అదే, అక్షరాలు తక్కువ. అందుకే పెద్దగా చెక్కగలిగాను చూడండి."

"రెండూ ఒకటేనా?" అని అత్త నాన్నను అడిగింది.

నాన్నకు అబద్ధం చేతకాదు. అందులోనూ వ్యాకరణం విషయంలో. "అంటే అక్కా... మొదటిది మనుషుల గురించి వాడతారు. ఇతరుల కోసం తన సుఖం వదులుకునేవాళ్ళని. ఈ రెండోది... బలికి సంబంధించినది అని. కత్తికి వాడొచ్చు, పీటకి వాడొచ్చు. ఎక్కువగా... బలి ఇచ్చే దానికి వాడతారు."

"బలి ఇచ్చేదానికంటే?"

నాన్న నేల చూపులు చూశాడు. చిన్నత్త ఊరుకుంటుందా? "మేక" అంది.

చెక్కే ఆయన తేలు కుట్టిన దొంగలా రెక్సిన్ చుట్టల వెనక్కి జరిగాడు. అప్పుడు మెకానిక్కు, సోఫాలో పోయిన పరువు నిలబెట్టుకోవాలనుకున్నాడో ఏమో, లేచి నిలబడ్డాడు.

"అలా తీసిపారేయకండి సార్. మా పనిలో ఇది చాలా గౌరవమైన మాట. గీజరు ట్యాంకులో ఒక రాడ్డు వేస్తాం. నీళ్ళు ఇనుమును తినకుండా ముందు ఆ రాడ్డును తింటాయి. అది అరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. దాని పేరు శాక్రిఫిషియల్ రాడ్డే. ఓడల అడుగున కూడా ఇలాంటి దిమ్మలు బిగిస్తారట."

నాన్న మొహం వెలిగిపోయింది. "అవును! నాకు తట్టనే లేదు. మన ఇల్లు తుప్పు పట్టకుండా తను అరిగిపోయింది మా అక్క! అదే, సరిగ్గా అదే!" అంటూ మళ్ళీ కళ్ళజోడు తీశాడు. వెనక వరసలో ఒకరిద్దరు ముక్కులు ఎగబీల్చారు.

అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. చిన్నప్పటి నుంచీ బొద్దుమనిషి. నలభై ఏళ్ళ సుత్తి పనితో భుజాలు ఇంకా వెడల్పయ్యాయి.

"ఒరేయ్, ఇలా చూడరా నన్ను. అరిగిపోయానా? ఎక్కడ అరిగానో చూపించు. గుమ్మంలోంచి పక్కకు తిరిగి వస్తున్నాను, నువ్వేమో అరిగిపోయానంటున్నావు!"

ముందుగా అమ్మ నవ్వింది. తరువాత ఎవరు ఆపినా ఆగలేదు. అత్త కూడా పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఒక బల్ల అంచు మీద కూర్చుంది. నవ్వు తగ్గాక ఆమె గొంతు కొంచెం మారింది.

"మేకనన్నారు, రాడ్డునన్నారు. ఇక నేను చెప్పకపోతే బాగుండదు. తమ్ముడూ, ఆ కథ నువ్వు ఎంత బాగా చెబుతావంటే, ఇన్నేళ్ళూ పాడుచేయబుద్ధి కాలేదు. నాకు కాలేజీ అంటే ఇష్టం ఉండేది కాదురా."

"అదేంటక్కా? నువ్వు క్లాసులో ఫస్టు కదా!"

"ఎవరు చెప్పారు? నువ్వే చెప్పావు. చెప్పీ చెప్పీ నువ్వే నమ్మావు. పాసయ్యేదాన్ని, అంతే. లెక్చరరు గారు డిమాండు, సప్లయి అని పాఠం చెబుతుంటే నా చూపంతా ఆయన కుర్చీ మీదుండేది. సీటు ఎడమ పక్కకు కుంగిపోయింది. లోపల ఏ స్ప్రింగు తెగిందా, ఎక్కడ కుట్టు విప్పితే అందుతుందా అని ఆలోచించేదాన్ని. మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి ఇక్కడికొచ్చి నాన్న పక్కన కూర్చునేదాన్ని. నాన్న తిట్టేవాడు. 'ఇది నీ పని కాదు, పో' అనేవాడు. ఆయన చెయ్యి విరిగినప్పుడు ఏడ్చాను, నిజమే. ఆయన బాధ చూడలేక ఏడ్చాను. కానీ ఏడుస్తున్నప్పుడే లోపల ఏదో మూల, ఇక నన్ను పొమ్మనేవాళ్ళు లేరని సంతోషం. ఆ సంతోషానికి సిగ్గేసి ఇంకా ఏడ్చాను."

నాన్న కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు. "మరి పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది? నా కళ్ళతో చూశాను."

"అదా?" అత్త ఎడమచేతి బొటనవేలు పైకెత్తి చూపింది. "ఒంటరిగా కుట్టిన మొదటి కుర్చీ అది. సుత్తి మేకు మీద పడకుండా దీని మీద పడింది. ప్రాణం పోయిందనుకో. గోరు ఊడి మళ్ళీ వచ్చింది."

"పుస్తకాలో?"

"కుర్చీకి ఒక కాలు పొట్టి. కింద ఎత్తు పెడదామని తెచ్చాను. ఎకనామిక్స్ సరిగ్గా సరిపోయింది."

ఈసారి చిన్నత్త నవ్వు ముందుగా లేచింది. "ఇన్నాళ్ళూ బొటనవేలి కోసమా మేం కన్నీళ్ళు పెట్టుకున్నది!" అంది. "పెళ్ళి సంగతేంటక్కా? అది కూడా మాకోసమే మానుకున్నావని వీధంతా అనుకుంటోంది."

"ఇద్దరొచ్చారుగా చూడటానికి. ఒకాయన షాపు అమ్మేస్తావా అన్నాడు. రెండో ఆయన మంచివాడే. నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా అదిగో, ఆ మూల సోఫాలో నిద్రపోయాడు. అంత హాయిగా నిద్రపోతుంటే, కుట్టిన నాకు గర్వమనిపించింది గానీ పెళ్ళాడాలని అనిపించలేదు. మీకోసం నేనేదీ మానుకోలేదే. నాకు నచ్చినట్టే బతికాను."

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే నేను నాన్న కోసం చూశాను. ఆయన లేడు. బయట మెట్టు మీద, ఫలకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాకన్నా ముందే అత్త అటు వెళ్ళింది. వెళ్ళి, ఆయన పక్కన ఉన్న కాస్త చోటులో ఇరుక్కుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"కోపమొచ్చిందా?"

"కోపం కాదక్కా. ఇప్పటికీ నాకు పరీక్ష తప్పినట్టు కల వస్తుంది, తెలుసా? నిద్రలేచి, అయ్యో అక్క చదువు మానుకుని చదివిస్తే నేనిలా చేశానా అనుకుంటాను. ఈ వయసులో కూడా. ఇన్నేళ్ళు మోశాను దాన్ని."

అత్త మొహంలో నవ్వు పోయింది. ఆమెకు ఆ సంగతి తెలియదని చూస్తేనే అర్థమైంది. నెమ్మదిగా ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"నాకేం తెలుసురా? నీకు కథ చెప్పడం సరదా అనుకున్నాను. కంచం కడిగే పని తప్పుతోంది కదా అని నేనూ ఊరుకున్నాను. నువ్వు లోపల ఇంత బరువు పెట్టుకున్నావని తెలిస్తే ఆ మొదటిరోజే నా వేలు నీకు చూపించేదాన్ని కదా, పిచ్చోడా." ఫలకాన్ని వేలితో తట్టింది. "మిమ్మల్ని చదివించిన మాట అబద్ధం కాదు. ఇష్టమైన పని చేసుకుంటూ, ఇష్టమైనవాళ్ళకి పెట్టుకున్నాను. నువ్వు మార్కులు తెచ్చి చూపిస్తే ఆ రోజు నా కుట్లు ఇంకా సూటిగా వచ్చేవి. దాన్ని పట్టుకుని త్యాగం అంటే నాకే మోసం చేసినట్టుంటుంది."

నాన్న వీధి వైపు తిరిగాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు.

"ఎకనామిక్స్ పుస్తకమా?"

"లావుగా ఉండేదిరా."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, మెట్టు మీద చిన్నపిల్లల్లా నవ్వారు. తరువాత నాన్నలోని లెక్చరరు మేలుకున్నాడు. ఫలకం అలా వదిలేయడానికి వీల్లేదన్నాడు. 'జెనరస్' అని పెడదామా అన్నాడు. ధారాళంగా ఇచ్చేది అని చెబితే, "రెక్సిన్ ముక్క కూడా ఊరికే ఇవ్వనని వీధంతటికీ తెలుసు" అంది అత్త. 'డెవోటెడ్' అన్నాడు, విశ్వాసంగా అంకితమైనదని. "అది కుక్కలకి అంటారు" అని వెనక నుంచి చిన్నత్త. ఇంకో నాలుగైదు చెప్పాడు. అత్త అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"విశేషణమే ఎందుకురా? క్రియ చాలదా? ఏం చేస్తానో అది రాయించు. అదీ తెలుగులో. అందరికీ అర్థమయ్యేలా."

చెక్కే ఆయన పశ్చాత్తాపంతో ఫలకాన్ని తిరగేసి, వెనక వైపు ఉచితంగా చెక్కి ఇచ్చాడు. 'అక్క ఇక్కడ సోఫాలు కుడుతుంది.' ఆ రోజు నుంచి అది షాపు ముందే వేలాడింది. గాలికి తిరిగినప్పుడల్లా మేక సంగతి కూడా కనిపించేది. వీధివాళ్ళకు అదో సరదా.

మా ఇంట్లో మాత్రం పెద్ద మార్పే వచ్చింది. సభ జరిగిన రాత్రే భోజనాలయ్యాక అత్త అలవాటుగా కిటికీ పక్క కుర్చీలోకి జారబోతే, అమ్మ ఆమె చేతిలో గిన్నె తోమే పీచు పెట్టింది.

"త్యాగం చేయలేదన్నారుగా వదినా. అయితే రండి."

"నా నోటికి మేకులు కొట్టినా బాగుండేది" అని గొణుక్కుంటూ అత్త అంట్లు తోమింది. ఇద్దరూ సింకు దగ్గర నిలబడి ఎన్ని కబుర్లు చెప్పుకున్నారంటే, మరుసటి రోజు నుంచి అమ్మ ఆమె వచ్చేదాకా గిన్నెలు ముట్టుకోవడం మానేసింది.

నాన్న ఆ కథ మానలేదు. ముగింపు మాత్రం మార్చాడు. ఆగాల్సిన చోట ఆగి, "బొటనవేలండీ!" అనేవాడు. పాత కథకు కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కొత్త కథకు రెండోసారి వడ్డించుకుని తినేవాళ్ళు. పరీక్ష తప్పిన కల మళ్ళీ వచ్చిందో లేదో నేను అడగలేదు గానీ, నిద్ర లేచాక దిగాలుగా కూర్చోవడం మాత్రం మేం మళ్ళీ చూడలేదు.

రిటైరయ్యాక ఆయన ఒక ఉదయం టిఫిను డబ్బా పట్టుకుని షాపుకు బయల్దేరాడు. "నాకూ నేర్పవే అక్కా" అన్నాడు. అత్త ఎగాదిగా చూసి, మేకుల డబ్బా ముందుకు తోసింది. మేకులు నోట్లో పెట్టుకుంటే మాట్లాడటానికి వీలుండదన్న సంగతి ఆయనకు అప్పుడు గానీ గుర్తు రాలేదు. మొదటి వారం షాపులో ఎన్నడూ లేనంత ప్రశాంతత అని వీధిలో చెప్పుకున్నారు. ఆయన కుట్లు మాత్రం పిచ్చుక నడిచినట్టుండేవి. అత్త ఒక్కమాట అనకుండా విప్పి చూపించేది, మళ్ళీ కుట్టమనేది.

అదే ఏడాది ఒక సినిమా హాలువాళ్ళు తమ సీట్లన్నీ కొత్తగా కుట్టమన్నారు. అంత పెద్ద పని షాపుకు అంతకుముందు రాలేదు. సెలవుల్లో నేను ఫోము కోశాను, అమ్మ గుండీలకు గుడ్డ చుట్టింది, చిన్నత్త ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి వంకర సూది పట్టుకుని, గాయానికి కుట్లేసినంత చక్కగా అంచులు కుట్టింది. నాన్న ఒక సీటు మొదటి నుంచి చివరి దాకా ఎవరి సాయమూ లేకుండా చేశాడు. దాని మీద చెయ్యి వేసి నిమురుతూ నిలబడితే, తొలి జీతం అందుకున్న కుర్రాడిలా ఉన్నాడు.

హాలు తెరిచిన రోజు మా అందరికీ మొదటి ఆటకు పిలుపొచ్చింది. దీపాలు ఆర్పకముందే ఒక పెద్దాయన వచ్చి నాన్న కుట్టిన సీట్లో కూర్చున్నాడు. అటు కదిలాడు, ఇటు కదిలాడు. లేచి, సీటును ఒకసారి అనుమానంగా తట్టి చూసి, పక్క సీట్లోకి మారాడు. నాన్న ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. అత్త ముందుకు వంగి ఆ పెద్దాయన భుజం తట్టింది.

"ఏమనుకోకండి బాబుగారూ. మా తమ్ముడు కుట్టాడు. కొత్తగా చేరాడు, నేర్చుకుంటున్నాడు."

ఆ పెద్దాయన వెనక్కి తిరిగి నాన్న నెరిసిన జుట్టు చూశాడు. ఏమనుకున్నాడో, లేచి మళ్ళీ ఆ సీట్లోకే వెళ్ళి కూర్చున్నాడు. ఆట పూర్తయ్యేదాకా కదల్లేదు.